చెల్లెలి పడవ మోటారుకు కుట్టిన పట్టీలు

మా చెల్లెలు పడవ నడుపుతోందని తెలిసినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. చిన్నప్పుడు బావి దగ్గరికి పోవాలంటేనే నా పావడా పట్టుకొని వెనక నక్కేది. లోపలికి తొంగిచూస్తే కళ్ళు తిరుగుతాయనేది. అలాంటిది మోటారు పడవ నడపడమేమిటని నవ్వాను. నవ్వు తగ్గాక కడుపులో మంట మొదలైంది. మా వైపు దాన్ని కుళ్ళు అంటారు. అంతకంటే మర్యాదైన మాట వెతకను.

నేనూ మా ఆయనా తిరుపతిలో, తిరుచానూరు పోయే రోడ్డు మీద సీటు కవర్ల అంగడి నడుపుతున్నాం. ఆయన కొలతలు తీసి కత్తిరిస్తాడు, నేను కుడతాను. కొండకు తిరిగే టాక్సీల వాళ్ళే మాకు ముఖ్యమైన గిరాకీ. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలు వాంతి చేసుకుంటారు, ఆ వాసన ఎంత కడిగినా పోదు, చివరికి కవరు మార్చక తప్పదు. పొద్దున మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేస్తాను, మళ్ళీ కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు లేస్తాను. మా ఆయన చెడ్డవాడు కాదు. మాట తక్కువ, అంతే. "దారం అయిపోయిందా?" "నల్లదా, గోధుమ రంగుదా?" రోజుకు ఇంతే మాకు సంసారం.

నాయన పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. ఆమెకు ఇడ్లీ మెత్తగా ఉండాలి, పప్పులో చింతపండు తగలాలి, మోకాళ్ళకు నూనె వేడిగా ఉండాలి. అన్నీ చేస్తాను. చేస్తున్నానని ఎప్పుడూ విసుక్కోలేదు. నన్ను విసిగించింది ఒక్కటే. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఫోను తీసి మా చెల్లెలి ఫోటో చూపించేది. చీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు బిగించుకొని, పడవ వెనక మోటారు పిడి పట్టుకొని, ఎండకు కళ్ళు చికిలించి నవ్వుతున్న ఫోటో.

"సూడుమే, ఎట్ల కూసోనుండాదో. రాణి మాదిరి లేదూ?" అనేది అమ్మ. పాలవాడికి చూపించింది, గ్యాసు బండ తెచ్చినవాడికి చూపించింది. సీటు కవరు కోసం వచ్చి అరుగు మీద కూర్చున్న డ్రైవర్లకు కూడా చూపించింది. నేను పక్కనే మిషను తొక్కుతూ ఉండేదాన్ని. ఆ కవరు కుట్టేది కూడా ఆమె కూతురేనని ఎవరికీ తట్టేది కాదు.

చెల్లెలి మొగుడు ఒకప్పుడు లారీ తోలేవాడు. పిచ్చాటూరు దగ్గరి రిజర్వాయరులో పడవలు తిప్పే పని దొరికాక లారీ మానేశాడు. శని, ఆదివారాల్లో తిరుపతి నుంచీ మద్రాసు వైపు నుంచీ జనం వచ్చేవాళ్ళు. పనివాళ్ళు నిలవకపోవడంతో పెళ్ళానికే పడవ నేర్పించాడు. నేను వాళ్ళింటికి పోయినప్పుడల్లా ఇద్దరూ ఏదో ఒకదాని మీద వాదులాడుకుంటూ ఉండేవాళ్ళు. మోటారులో నూనె ఎవరు పోయాలి, నీళ్ళలో తిరిగే మోటారు పంకాకు చుట్టుకున్న నాచు ఎవరు తీయలేదు, ఇట్లాంటివి. వాదులాడుకుంటూనే ఒకే తట్టలో అన్నం కలుపుకొని తినేవాళ్ళు. మరిది దాన్ని "ఏంమే కెప్టెన్" అని పిలిచేవాడు. నేను ఇంటికొచ్చి మా ఆయన ముందు తట్ట పెడితే, ఆయన టీవీ చూస్తూ తిని చెయ్యి కడుక్కొనేవాడు. ఆ రాత్రుళ్ళు నాకు కూర రుచించేది కాదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. రిజర్వాయరులో నీళ్ళు లోపలికి పోయి పడవలు బురదలో కూర్చున్నాయి. అటు పులికాట్ సరస్సుకు మాత్రం పక్షులు వచ్చే కాలం, వాటిని చూడడానికి జనం వచ్చే కాలం. కొన్నాళ్ళు పడవను అక్కడ తిప్పుదామని మొగుడూ పెళ్ళాం అనుకున్నారు. జీపు వెనక ట్రాలీ తగిలించి, దాని మీద పడవ పెట్టి, మోటారును పడవ నుంచి విప్పకుండా తాడుతో కట్టి బయల్దేరారు. నాగలాపురం దాటగానే ఒక స్పీడు బ్రేకరు దగ్గర మోటారు ధబ్బుమని కిందికి వాలింది. పడవ వెనక మోటారు బిగించే పలక చిట్లింది. వెనక్కి తిరిగి, ఆ పలక అతికించుకోవడానికి తిరుపతిలో ఫైబరు పని చేసేవాళ్ళ దగ్గరికి తెచ్చారు. అది ఆరిన తర్వాత పడవను నేరుగా మా అంగడి ముందుకు తీసుకొచ్చి ఆపారు.

ఆ రోడ్డులో పడవ ఆగడం అదే మొదటిసారి. పూల అంగడి ఆమె గంప వదిలేసి వచ్చింది. లాడ్జీ మెట్ల మీది యాత్రికులు ఫోనులు పైకెత్తారు. మా చెల్లెలు జీపు దిగి, కొంగు నడుముకు దోపుకొని, ట్రాలీ మీదికి ఎక్కి నిలబడింది. అందరూ దాన్నే చూస్తున్నారు. అమ్మ ఇంట్లోంచి దాదాపు పరిగెత్తుకొచ్చింది. నేను ఎంత చెప్పినా నడవని మోకాళ్ళు ఆరోజు బాగానే నడిచాయి.

"ఎండకు ఎట్ల నల్లబడినావమ్మా! ఎంత కష్టపడతా ఉండావు నా తల్లీ!" అని దాని బుగ్గలు పుణికింది.

నా చేతికి దబ్బనం గుచ్చుకొని రక్తం వస్తోంది. ఎవరూ చూడలేదు. నేనే నోట్లో పెట్టుకున్నాను.

"అక్కా, ఇట్ల రా," అని పిలిచింది చెల్లెలు. "సూడు. రోడ్డు మీద పోయేటప్పుడు ఈ మోటారును పైకి లేపి పెట్టల్ల. లేకుంటే కిందుండే పంకా రోడ్డుకు తగులుతాది. లేపితే ఇదిగో, ఈ సిన్న కొక్కీ పట్టుకుంటాది."

"ఇంత మోటారుకు ఇంతేనా?"

"ఇది నీళ్ళలో కాసేపు ఎత్తి పెట్టుకోను మాత్రమే. రోడ్డు మీద ఎగిరెగిరి పడితే ఆగదు. బరువంతా దీని మీదే పడతాది, జారిపోతాది. ఆ దెబ్బ పలకకు కొడతాది."

మరిది మోటారు తలను పట్టుకొని అటూ ఇటూ ఊపి చూపించాడు. "ఇట్ల పక్కలకు గూడా తిరగతాది వదినా. తాడు కట్టినా, సాగి లూజైపాయె. కింద చెక్కముక్క పెట్టినా, ఎగిరి పడిపాయె. నువ్వే ఏదన్నా గట్టిగా కుట్టియ్యల్ల."

"నువ్వు చెక్కను సరిగ్గా చెక్కలా," అంది చెల్లెలు.

"నువ్వు తాడు సరిగ్గా కట్టలా," అన్నాడు అతను.

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. టేపు తీసి కొలతలు తీసుకున్నాను.

మా ఆయన గుమ్మంలో నిలబడి, "ఇది అంగట్లో పని కాదు. ఏందో ఒగటి కుట్టిచ్చి పంపించు, టాక్సీ సీట్లు అట్లనే ఉండాయి," అన్నాడు. ఆయన అలా అన్నాక ఏదో ఒకటి కుట్టబుద్ధి కాలేదు. నా చెల్లెలు నాకు రాని పని చేస్తోంది, సరే. దానికి రాని పని నాకు వచ్చునని ఆ రోడ్డంతా చూడాలనిపించింది.

ముందు చెక్క సంగతి చూశాను. పాత లారీ టైరు రబ్బరును పొరలు పొరలుగా పేర్చి, మందంగా దిమ్మలాగా చేసి, పైన రెక్సిను తొడిగాను. మోటారు పైకి లేచినప్పుడు దానికీ పలక మీది ఇనుప బిగింపుకూ మధ్య ఏర్పడే సందులో అది సరిగ్గా కూర్చోవాలి. జారి పడకుండా దానికి రెండు చెవులు కుట్టి, వాటిని బిగింపు చుట్టూ కట్టేలా పట్టీలు వేశాను. అంతటితో మోటారు బరువు కొక్కీ మీద కాకుండా దిమ్మ మీద పడుతుంది. కానీ గతుకులో మోటారు పైకి ఎగిరితే? అందుకని దాన్ని దిమ్మ మీదికి అదిమి పట్టడానికి కారు సీటు బెల్టు గుడ్డతో ఒక పట్టీ, పక్కలకు తిరగకుండా కుడికీ ఎడమకూ రెండు పట్టీలు కుట్టాను. లారీల మీద సరుకు బిగించేటప్పుడు టకటకమని లాగే ఇనుప బిగింపులుంటాయే, వాటినే పట్టీల చివర వేశాను. తాడు సాగుతుంది, ఈ గుడ్డ అంత సాగదు. కుట్టును అడ్డంగానూ ఏటవాలుగానూ వేసి, మళ్ళీ దాని మీదే వేశాను.

మరిది పట్టీలు బిగించి, మోటారును రెండు చేతులతో ఊపి చూశాడు. కదల్లేదు.

"వదినా, నీ సెయ్యి సెయ్యే!" అన్నాడు.

అమ్మ అరుగు మీది నుంచి, "పాపం, సిన్నదానికి ఎండలో ఇంకా ఎంతసేపుమే?" అంది.

నేను చేతి సంచిలో మిగిలిన బెల్టు చుట్టనూ, దబ్బనాన్నీ, మైనం పూసిన దారాన్నీ వేసుకున్నాను. "పట్టీలు నిలుస్తాయో లేదో నేనే వచ్చి సూస్తా," అన్నాను. అది నిజమే. వాళ్ళ బతుకు దగ్గర నుంచి చూడాలన్న కుతూహలం ఉన్న మాటా నిజమే.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. పుత్తూరు మీదుగా పిచ్చాటూరు చేరి, వాళ్ళింట్లో పెట్రోలు డబ్బాలూ లైఫ్ జాకెట్లూ ఎక్కించుకొని, నాగలాపురం దారి పట్టాం. వాళ్ళిద్దరూ ముందు కూర్చున్నారు. నేను వెనక, పడవ కనిపించేలా అడ్డంగా కూర్చున్నాను. ముందు సీట్లో వేరుసెనక్కాయల పొట్లం చేతులు మారుతోంది. చెల్లెలు ఒలిచి అతని నోట్లో వేస్తోంది. అతను గేరు మార్చేటప్పుడు దాని మోచేతికి తగిలించి ఏడిపిస్తున్నాడు. అంతలో నా ఫోను మోగింది. మా ఆయన.

"పెద్ద కత్తెర యాడ పెట్టినావు?"

"మిషను కింద, డబ్బాలో."

"ఆ," అని పెట్టేశాడు. చేరారా అని గానీ, తిన్నావా అని గానీ అడగలేదు. ముందు సీట్లో మళ్ళీ నవ్వు వినిపించింది. నేను ఆ నవ్వు వైపు తిరగకుండా మోటారు వైపే చూస్తూ కూర్చున్నాను.

అందుకే కనిపెట్టగలిగానేమో. నాగలాపురం దాటి సత్యవేడు వైపు పోతుంటే రోడ్డు బాగా చెడింది. గతుకు వచ్చిన ప్రతిసారీ మోటారు ఎగురుతోంది. పట్టీలు జారాయేమో అనుకున్నాను. బాగా చూస్తే పట్టీలు బిగువుగానే ఉన్నాయి. మోటారు పడవ మీద కదలడం లేదు. పడవే ట్రాలీ మీద ఎగురుతోంది. ముందు వైపు తాడుతో లాగి కట్టారు గానీ వెనక వైపు ఏమీ కట్టలేదు. పడవ తోక లేచి పడుతుంటే, ఆ దెబ్బంతా మోటారు వేలాడే పలకకే.

"మరిదీ, బండి ఆపు," అన్నాను. "మోటారు కాదు, పడవే ఎగరతా ఉండాది. ఎనక ట్రాలీకి కట్టల్ల."

అతను వెంటనే పక్కకు తీసి ఆపాడు. దిగి, వంగి చూసి, "వదిన సెప్పింది నిజమే మే. ఎనక కట్టుండాల్సింది," అన్నాడు.

నేను సంతోషపడేలోపే చెల్లెలు దిగి తలుపు దబ్బున వేసింది. దాని మొహం ఎర్రబడింది.

"మొన్న నేనేం సెప్తిని? ఎనక కట్టబ్బా, ముందు తాడు సాలదు అంటి. నీకేం తెలుసు, నేను లారీ తోలినోన్ని అంటివి. ఈపొద్దు అక్క నోరు తెరస్తానే బండి ఆపితివి!"

"మరిసిపోయినాలే మే."

"మరిసిపోలా. నేను సెప్తే లెక్క లేదు నీకు!"

మరిది నా వైపు ఒకసారి చూసి, టీ తెస్తానంటూ రోడ్డు పక్క అంగడి వైపు నడిచాడు. నిజం చెప్పాలంటే నాకు లోపల హాయిగా అనిపించింది. కెప్టెన్, కెప్టెన్ అని పిలవడమే గానీ మాట వినడం లేదన్నమాట. ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. చెల్లెలు నా మీదికి తిరిగింది.

"నీకేంలే. యాడికి పోయినా నీ మాటే గెలస్తాది. అమ్మ గూడా నీ కాడే ఉండాది."

"అమ్మా?" అన్నాను. "అమ్మ నా కాడ ఉండి ఎవుర్ని తలుస్తాదో తెలుసా నీకు? పొద్దున లేస్తే నీ మాటే. రాణి అంట. అంగడికొచ్చిన వాళ్ళందరికీ నీ ఫోటోనే. నూనె రుద్దేది నేను, పొగిడేది నిన్ను."

"ఫోటో సూసుకుంటే కడుపు నిండతాదా? నాకు జరమొచ్చి పండుకుంటే అమ్మ రాలా. పెద్దదానింట్లో సౌకర్యంగా ఉండాది, ఈడ బురదలో నేనుండలేను అనె. నీకు మిద్దె ఇల్లు, ఫ్యాను, కుళాయి. నా బతుకు వాన పడితేనే గదా."

ఈ మాట నేనెప్పుడూ వినలేదు. అమ్మ నాకు చెప్పలేదు. నా మీద దానికి కుళ్ళు ఉండొచ్చని, దానికీ తగిన కారణం ఉండొచ్చని అంతవరకూ నాకు తోచలేదు. అలాగని జాలి పడి హత్తుకోలేదు. కోపంగానే ఉన్నాను. సంచిలోంచి బెల్టు చుట్ట తీసి, "పట్టుకో, సివర గట్టిగా లాగు," అన్నాను.

చింతచెట్టు నీడలో ట్రాలీ అంచు మీద కూర్చున్నాం. అది రెండు చేతులతో బెల్టు బిగబట్టింది, నేను దబ్బనంతో కుట్టాను. దాని అరచేతులు చూస్తే మోటారు తాడు లాగి లాగి కాయలు కాచి ఉన్నాయి. నా వేళ్ళ నిండా సూది పోట్లు. మరిది టీ తెచ్చి, మాకు అందించి, ట్రాలీ టైర్లలో గాలి చూస్తూ గడిపాడు.

పడవ వెనక అటొకటి ఇటొకటి ఇనుప వలయాలున్నాయి. వాటి నుంచి ట్రాలీ చట్రానికి రెండు పట్టీలూ ఏటవాలుగా వేశాం. ఒక వైపు నేను, ఒక వైపు అది ఒకేసారి బిగించాం, లేకపోతే పడవ పక్కకు లాగుతుంది. తర్వాత మోటారు పట్టీలు మళ్ళీ చూసి, ఇనుప బిగింపును ఒక పన్ను తిప్పి బిగువు పెంచాం. బయల్దేరే ముందు చెల్లెలు మొగుడితో, "ఇంకొంచెం దూరం పోయినాక ఆపి సూడల్ల. కొత్త బెల్టు మొదట్లో రవ్వంత సాగతాది. ఇనపడిందా?" అంది.

"ఇనపడింది కెప్టెన్," అన్నాడు. ఈసారి నిజంగానే వరదయ్యపాళెం దగ్గర ఆపాడు. దిగి చూసింది కూడా చెల్లెలే.

తడ దాటి సరస్సు ఒడ్డుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. పట్టీలు విప్పి మోటారును ఊపి చూస్తే చెక్కు చెదరలేదు, అతికించిన పలకలో గీత కూడా లేదు. అక్కడి పడవల వాళ్ళు ఒకరిద్దరు వచ్చి రబ్బరు దిమ్మను తిప్పి చూశారు. "ఇదెక్కడ దొరుకుతుందమ్మా?" అని అడిగితే చెల్లెలు నా వైపు చెయ్యి చూపింది. "మా అక్క కుట్టింది. తిరుపతిలో అంగడుండాది. కావాలంటే సెప్పండి, కుట్టిస్తాది." ఆ మాటలో గర్వం ఉంది. నేను పైట సర్దుకున్నాను.

కానీ తర్వాత అది పడవను నీళ్ళలోకి తోసి, ఎగిరి ఎక్కి, తాడు ఒక్క లాగు లాగి మోటారు స్టార్ట్ చేసింది. ఆ పల్చని నీళ్ళ మీద తెల్లటి గీత గీస్తూ దూరంగా పోయింది. అటుపక్క నిలబడిన పక్షులు లేచి మళ్ళీ వాలాయి. "రా అక్కా, ఒగ సుట్టు సుట్టొద్దాం," అని ఒడ్డుకు వచ్చి పిలిచింది. నీళ్ళంటే భయమని చెప్పాను. భయం కాదు. అది నడుపుతుంటే నేను ముందు కూర్చొని చూడాలి, అంతే. అది నాకు ఇష్టం లేకపోయింది. రాత్రి బస్సుకు తిరుపతి వచ్చేశాను. పెద్ద కత్తెర మళ్ళీ డబ్బాలోకి చేరకుండా తినే బల్ల మీదే ఉంది.

వానలు పడి రిజర్వాయరు నిండాక వాళ్ళు పడవతో క్షేమంగా పిచ్చాటూరుకు తిరిగొచ్చారు. అప్పుడు నేను అమ్మతో, "సిన్నదాని కాడికి పోయి కొన్నాళ్ళు ఉండిరా," అన్నాను. రోడ్డు మీద అది అన్న మాట నా చెవుల్లో ఉంది. అమ్మ బురద అంది, దోమలు అంది. నేను వినకుండా బట్టలు సర్ది బస్సెక్కించి, దింపి వచ్చాను. ఇల్లు బోసిపోయింది. అక్కడ అమ్మ పడవలో కూర్చొని ఉంటుంది, దాని పక్కన నవ్వుతూ ఉంటుంది అనుకుంటే మళ్ళీ మంట. పంపింది నేనే, మండింది నాకే.

వారం తిరగకముందే చెల్లెలు ఫోను చేసింది. గొంతు పొగలు కక్కుతోంది.

"అక్కా, అమ్మను వచ్చి పిల్సుకోని పో."

"ఏమైందిమే?"

"ఏమైందా? ఇడ్లీ పెడితే పెద్దది సేసినట్ల మెత్తగా లేవంట. పప్పు సేస్తే పెద్దదాని సెయ్యి పడితేనే రుచంట. నూనె రుద్దితే నీకు అక్క మాదిరి రాదంటాది. పడవ ఎక్కేదానికొచ్చిన వాళ్ళందరికీ నీ మోటారు పట్టీలే సూపిస్తా ఉండాది. ఇది నా పెద్ద కూతురు కుట్టింది, తిరుపతిలో అంత పనిమంతురాలు లేదు అని. మోటారు నడిపేది నేనక్కా! నన్ను ఒగ మాట అనలా!"

నాకు నవ్వు ఆగలేదు. మిషను మీద తల పెట్టుకొని నవ్వాను. మా ఆయన కత్తిరించడం ఆపి, "ఏంది?" అన్నాడు. చెబితే, ఆయన కూడా నవ్వాడు. ఆ రోజంతా దాన్ని గురించే మాట్లాడుకున్నాం, అది మాకు అలవాటు లేని పని. అటు వైపు చెల్లెలు మొదట తిట్టి, తర్వాత తనూ నవ్వింది.

ఆ ఆదివారం పోయి అమ్మను తీసుకొచ్చాను. బస్సు పుత్తూరు దాటేవరకూ ఆమె మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది. దాటాక ఫోను తీసి, పక్క సీట్లో కూర్చున్న ఆమెకు చూపించడం మొదలుపెట్టింది.

"నా సిన్న కూతురమ్మా. పడవ నడపతాది. సూడు, ఎట్ల కూసోనుండాదో."

నాకు మళ్ళీ చిన్నగా మండింది. కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.